కాలువలు కట్టేసిన నెలలో

అమలాపురం ఎర్రవంతెన దగ్గర
మందులషాపు మేడమీద మా ల్యాబు.
మే నెల. కాలువలు కట్టేశారు.
కిటికీలోంచి వచ్చే బురద కంపూ, లోపలి ఫార్మలిన్ కంపూ
ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి.

చిన్న సీసాలో ఆరు ముక్కలొచ్చాయి,
ఒక్కోటీ బియ్యపు నూకంత.
చీటీ మీద: నేలపూడి ఏసుపాదం, యాభై ఎనిమిది,
ఇరిగేషన్ లస్కరు.

మైనంలో పోతపోసి, మూడు మైక్రాన్ల పొర కోసి
గోరువెచ్చని నీటి మీద వదిలితే
ముడత విప్పుకుని తేలింది.
గాజు మీదికి ఎత్తి, ఊదా గులాబీ రంగులు పట్టించాను.

పొట్ట లోపలి గోడ
నాట్లేసిన మడిలా కనబడాలి.
వరుస లేదు.
కణాలన్నీ ఎవరికి వారే, ఒళ్ళంతా జిగురు పట్టి
కేంద్రకాన్ని ఓ అంచుకు నెట్టేసి
ఉంగరాల్లా.
ఉంగరం కణాలనే అంటారు వీటిని.
పేరు పెట్టినాయనకి ఏ పెళ్ళి గుర్తొచ్చిందో గానీ
నాకు తాకట్టుకొట్టు బల్ల గుర్తొచ్చింది.

మర్నాడు ఇంకో రంగు వేశాను.
ఇ-క్యాడ్‌హెరిన్ ఉంటే
కణానికీ కణానికీ మధ్య గోధుమరంగు గీత పడుతుంది,
ఇద్దరు రైతులు పంచుకున్న గట్టులా.
గీత పడలేదు.
చేతులు వదిలేసుకున్నాయి.

రిపోర్టుకి ఆయనే వచ్చాడు, ఖాకీ చొక్కాలో.
మనిషి తగ్గాడు, చొక్కా తగ్గలేదు.
"డాక్టరుగారు చెప్తారండి" అన్నాను.
"ఆయన మావోడికి చెప్తారు. చూసింది నువ్వు కదమ్మా."

చెప్పకూడదు. చెప్పాను.
మాటలు కూడా ఆయన దగ్గరే అప్పు తీసుకున్నాను.

కణం గోడకి ఓ తూము ఉంటుంది.
పెరగమని కబురొస్తే తెరుచుకుని
చాలంటే మూసుకోవాలి.
"షట్టరు పైకే బిగుసుకుపోయిందా?"
అవునన్నాను.
"మరి రాత్రి డ్యూటీవోడు?"
ఉంటాడు. పి-యాభైమూడు అంటారు.
రాత తప్పిన కణాన్ని ఆపి దిద్దుకోమంటాడు,
దిద్దుకోకపోతే చచ్చిపొమ్మంటాడు.
"పడుకున్నాడా?"
రిజిస్టర్లో వాడి పేరే కొట్టేసి ఉంది.
నవ్వాడు. ముప్ఫైరెండేళ్ళ సర్వీసు, ఇలాంటివి చూసే ఉంటాడు.

కింది పొరని ఎంజైములతో కరిగించుకుంటూ దిగుతుందన్నాను.
"గండి వరదతో మొదలవదమ్మా,
ఎండ్రకాయ బొక్కతో మొదలవుద్ది."
తనకి నెత్తురు చాలకపోతే
కొత్త నాళాలు తవ్వించుకుంటుంది.
"పర్మిషన్ లేకుండా పిల్లకాలవ" అన్నాడు,
ఎవరిమీదో పాత కోపంతో.

"దిగాక ఎటెళ్తది?"
కాలేయానికి. పేగుల్ని కప్పిన పొరకి.
ఒక్కోసారి ఎడమవైపు మెడ కింది గ్రంథికి.
ఆయన చెయ్యి తనంతట తనే
ఎడమ భుజం పైని గుంటలోకి వెళ్ళింది.
అక్కడే ఉండిపోయింది.

ఏదో ఒకటి అనాలని
"గుర్రపుడెక్క లాంటిదండి" అన్నాను.

"కాదు" అన్నాడు.
"గుర్రపుడెక్క ఎక్కణ్ణించో కొట్టుకొచ్చింది.
ఇది నా చేలో కేళీ.
నా విత్తనమే, నా నీళ్ళే తాగింది.
వెన్ను తీసేదాకా
పక్కనున్న దుబ్బుకైనా తెలీదు."

ఎప్పట్నుంచో పొట్టలో కాపురమున్న ఓ బాక్టీరియా
సూదిలాంటి గొట్టంతో
తన ప్రొటీన్ని కణంలోకి గుచ్చి
దాని బుద్ధి మార్చి ఉంటుందని చెప్పబోయాను.
ఆ మాట తర్వాత
అది బయటివాళ్ళ మీదికి తోసెయ్యడంలా అనిపించి
ఊరుకున్నాను.

వెళ్తూ వెళ్తూ అడిగాడు,
"ఆ మైనం దిమ్మ ఎన్నాళ్ళుంచుతారు?"
పదేళ్ళు.
రిటైరయ్యాక ఎక్స్‌టెన్షన్ ఇచ్చినట్టు
తలూపి, మెట్లు దిగాడు, రెయిలింగు పట్టుకుని.

జూన్‌లో నీళ్ళు వదిలారు.
ముందు నురుగొచ్చింది, తర్వాత చెత్త,
ఎవరిదో ఒంటి చెప్పు, ఆ వెనక ఎర్రనీళ్ళు.
వంతెన మీద జనం బళ్ళు ఆపి చూశారు.
నేను కిటికీ దగ్గరికెళ్ళి చూశాను.
ఆయన లాకు దగ్గర ఈసారి
షట్టరు ఎవరెత్తారో
ఎవర్నీ అడగలేదు.