ఐదు మీటర్ల దూరం

ఐదు మీటర్ల దగ్గర ఆగాలి.
అక్కడ నిలబడి పక్షిని చూడాలి.
పట్టించుకోకపోతే సున్నా.
తల ఎత్తితే ఒకటి.
ముక్కు టకటకలాడిస్తే మూడు.
గూటి మీంచి లేచి మీదికొస్తే ఐదు,
అప్పుడు పరుగెత్తడం మీ ఇష్టం.
రెండు ఎప్పుడు వేయాలో
ఎనోరాకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

పొసెషన్ దీవిలో ఒక్క చెట్టూ లేదు.
గాలికి ఆనుకుని నడవడం
వారంలోనే వచ్చేసింది ఆమెకి.
గాలి ఉన్నట్టుండి ఆగినప్పుడు
ముందుకి తూలి పడకుండా ఉండటం
ఇంకా రాలేదు.

నోటుపుస్తకం ఆమెకన్నా వయసులో పెద్దది.
మొదటి పేజీల్లో గుల్వెన్ దస్తూరి, పెన్సిలు, వాన మరక:
"కడియం 417. అల్బట్రాస్, మగ.
ఒకటి. తల ఎత్తి దించేసింది."
ఆరేళ్ళకి ఇంకెవరివో కోడిగీతలు: "ఒకటి."
మరో అయిదేళ్ళకి: "ఒకటి. పిరికి."
ఇవాళ ఎనోరా ఎదుట అదే పక్షి
తల ఎత్తింది.
దించేసింది.

పక్క గూటి 420కి ఎప్పుడూ ఐదే.
గుల్వెన్ ప్యాంటు చింపిందట,
ఆ సంగతీ అక్కడే రాసి ఉంది.
అదే వాలు, అదే గడ్డి, పుట్టింది అదే ఏడు.

ఓడెక్కకముందు ఎనోరానీ కొలిచారు.
బ్రెస్ట్ ఊళ్ళో ఉక్కగా ఉన్న ఒక గది, నూట ఎనభై ప్రశ్నలు.
'పదిమందిలో ముందు మీరే మాట్లాడతారా?'
'తలుపు వేసి ఉంటే మీకు నిశ్చింతగా ఉంటుందా?'
ఎంత వచ్చిందో చెప్పలేదు.
పంపించారు, అంతే.

417 జత తేలిక పక్షి.
(ఆడదైనా మగదైనా తెలుగులో రెంటినీ 'అది' అనే అంటున్నాను,
మన వ్యాకరణం సముద్రం అంత నిశితంగా విడదీయదు.)
బరువైన మగవి దక్షిణానికి పోతాయి,
మంచు అంచున హోరుగాలి వాటిని మోస్తుంది.
ఆడవి ఉత్తరానికి, వెచ్చని నీళ్ళ మీదికి.
గోడ మీది పటంలో ఎర్రగీతలు ఒకవైపు, నీలిగీతలు ఒకవైపు,
ఒకే గూట్లోంచి బయల్దేరి.

వెచ్చని నీళ్ళలో టూనా పడవలుంటాయి,
మైళ్ళకొద్దీ తాడు, తాడుకి వేల గాలాలు.
ఎనోరా మేనమామ ఫాంష్ అలాంటి పడవ మీదే
పదకొండేళ్ళు పనిచేశాడు.
తాడుకి తెల్లవి ఏమైనా వచ్చేవా అని ఆమె అడిగితే
సూపు చల్లారిపోతోందన్నాడు.

పన్నెండో రోజు ఆ జత రాలేదు.
ఇరవయ్యో రోజు రాలేదు.
417 గుడ్డు మీదే ఉంది, తిండి లేక
రొమ్ము ఎముక కత్తిలా తేలింది.
ఐదు మార్కుల 420 ఎప్పుడో ఎగిరిపోయింది.
'ధైర్యమంటే ఇదా' అని రాయబోయి ఆగింది ఎనోరా:
420 జత తిరిగొచ్చింది, అందుకే అది వెళ్ళింది.
దీంట్లో నీతి లేదు. తేదీలున్నాయి.

ముప్ఫైఎనిమిదో రోజు పొద్దున
గూడు ఖాళీ.
గుడ్డు చల్లగా, కాసేపు ఒంటరిగా,
ఆ తర్వాత స్కువా పక్షులది.

మళ్ళీ డిసెంబరు. ఎనోరాకి తిరుగు ఓడ నాలుగు రోజుల్లో.
వాలు మీద మగవే ఎక్కువ,
రెక్కలు విప్పి, ఆకాశానికేసి అరుస్తూ,
అటుగా దిగిన ఒక్క ఆడదాని చుట్టూ ఏడు.
417 ఆ గుంపులో లేదు.
పాత మట్టిదిబ్బ పక్కన నిలబడి ఉంది,
గడ్డి కొంచెం పీకి, కొంచెం పెట్టి.

పుస్తకంలో 'పిరికి' అన్న మాట కొట్టేయాలనిపించింది.
పాత రాతలు కొట్టేయకూడదు, అది నియమం.

ఎనోరా ఐదు మీటర్ల దాకా వెళ్ళింది.
గాలి ఆగింది.
తూలి, మోకాళ్ళ మీద పడింది, పెన్సిలు ఎటో ఎగిరింది.
వాడు తల ఎత్తాడు.
(వ్యాకరణం తప్పే. ఉండనీ.)
దించలేదు.
గడ్డిపోచ ముక్కున అలాగే పట్టుకుని
ఆమె లేచేదాకా చూస్తూనే ఉన్నాడు.

పెన్సిలు దొరకడానికి చాలాసేపు పట్టింది.
రెండు, అని రాసి,
పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.