హస్త దాకా ఆగు

మొదటిసారి రోహిణిల కొట్టిన.
నాంపల్లి అవతల బత్తాయి తోట, డ్రిప్పు పైపుల పొంటి తుంగ.
ఆకు మీద దుమ్ము, దుమ్ము కింద మైనం.
మందు చుక్క ఉండగట్టి, జారి, నేలపాలు.
ఎండకు మూతి ముడుసుకున్నదానికి
ఎవడు తాగిపిస్తడు?

మృగశిరల మళ్ల కొట్టిన.
ఈసారి తాగింది. పది రోజులకు పసుపుబారి మాడింది.
పటేలు చాయ పోయించిండు.
ఇరవయ్యో నాడు
మాడిన మొదట్లకెల్లే మూడంచుల పచ్చ సూది.

కలుపుకొచ్చే సైదమ్మ నవ్వింది.
"తలకాయ గొరిగినవు కొడకా. పానం కింద ఉన్నది."
కుర్పి మొనతోని తవ్వి నా అరచేతిల పెట్టింది:
నల్లగ, గవ్వంత గడ్డ, మట్టి తుడిస్తే అత్తరు వాసన.
గడ్డకు దారం. దారానికి ఇంకో గడ్డ.
దానికి ఇంకోటి.
కుర్పి అందని లోతుల దారం తెగింది.

"ఇప్పుడిది పెట్టే తల్లి.
ఉన్నదంత మీదికి పంపుతున్నది.
ఎదురు నడిచి నీ మందు ఎట్ల దిగుతది?
పూయనీ. ఇటుకరంగు కంకి ఎయ్యనీ. పొద్దు కురచ గానీ.
అప్పుడు ఆకు కిందికి మూట గడతది.
హస్త దాకా ఆగు."

ఆగిన.
మా బోరు నీళ్లల్ల సున్నం, మందును నడుమనే కట్టేస్తదని
ఫిల్టరు ప్లాంటు కాడ క్యాను కొన్న.
మనం తాగే నీళ్లే.
కాళ్ల సందున పెట్టుకొని బండి మీద తెచ్చిన.
మంచు ఆరినంక, గాలి లేవకముందు,
ముక్కుకు తువ్వాల,
ఒక్కో మొక్క మీద సన్నగ.

ఆకు ఏమనలే.
నాలుగు రోజులు పచ్చగనే ఉండి
కిందికి పంపుతనే ఉన్నది.
చక్కెరతో పాటు, చక్కెర అనుకొనే,
దారం దారం పట్టుకొని
ఎండకాలానికి దాసిన ప్రతి గూట్లెకు.

ఆ నాలుగు రోజులు నాకు బువ్వ సక్కగ దిగలే.
దూపకు ముడుసుకున్నప్పుడు చావలే,
మీదికి ఎగబాకినప్పుడు చావలే,
పిల్లలకు దాస్తున్నప్పుడు దొరికింది.
ఇది ఎవలికి చెప్పాలె?
పటేలుకు లెక్క చెప్పిన: పన్నెండు పంపులు, పంపుకు డెబ్బై.

ఈ ఏడు సైదమ్మకు ఆ తోటల కూలి లేదు.
హస్తల నాకా సోయి లేదు.
ఆమెకు మృగశిరల్నే ఉండి ఉంటది.
అయినా చెప్పింది.

మళ్ల రోహిణి.
పైపు చిల్లు కాడ, నా మందు అందని చోట,
ఒక్క పచ్చ సూది.
పంపు ఇంట్లనే ఉన్నది.
సైదమ్మకు ఫోన్ కొట్టిన,
రేపు కుర్పి తీసుకొని రమ్మని.