కొత్త తాళం, పాత చెవులు

"చెవి సగం తిరిగి ఆగిపోతోంది, అన్సెల్మో.
నేను బయట. పొయ్యి మీద పాలు లోపల."
పైవాటా నర్సు ఫోన్లోంచి దెయొలిందా గారి గొంతు.

నేను చేరేసరికి మాడిన పాలవాసన
రెండో అంతస్తు దాకా ఎదురొచ్చింది.
ఆవిడ ఉండేది నాలుగులో.
లిఫ్టున్న ఇళ్లలో తాళాలు చెడవు, నా అనుభవం.

ఒళ్లో ఖాళీ చెత్తబుట్ట, కాళ్లకు చెప్పుల్లేవు.
డ్రిల్లు పెట్టి సిలిండర్ పగలగొట్టాను,
ఆవిడ ముందు పొయ్యి కట్టేసి వచ్చి, తర్వాత నన్ను పలకరించింది.
"తాళం కొత్తది వెయ్యి. చెవులు మాత్రం అవే ఉండాలి."

ఎవరెవరి దగ్గరున్నాయి?

వేళ్లు మడిచింది.
తనదొకటి.
రొట్టెల కొట్టు కుర్రాడు అమాదెవ్‌ది ఒకటి,
తెల్లారకముందే సంచీ లోపలి కొక్కేనికి తగిలించి పోతాడు.
ఫిలొమేనాది ఒకటి, మంగళవారం ఇంజెక్షన్‌కి.
నాలుగో వేలు మడవలేదు.
ఉంగరం లేని ఆ వేలిని పట్టుకుని కాసేపు ఊరుకుంది.
"జుల్మీరాది. మా చెల్లెలు."

వంతెన దాటితే గాయా. నడిస్తే పావుగంట.
పదకొండేళ్లయింది, ఒక కుట్టుమిషను దగ్గర మాటామాటా పెరిగి.

పాత పేపరు పరిచి
కొత్త సిలిండర్ కడుపు విప్పాను.
కందిగింజలో సగం లేని ఇత్తడి పిన్నులు, వాటి నెత్తిన స్ప్రింగులు.
చెవి దూర్చి, ఒక్కో పన్ను ఎత్తుకీ ఒక్కో పిన్ను వెతకడం,
వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకోదు.
కళ్లు మూసుకునే చేస్తాను.
గొప్పకి కాదు, చత్వారం.

అక్కడే వచ్చింది చిక్కు.
ముప్ఫై ఏళ్ల తిప్పుడికి ఆవిడ చెవి మూడో పన్ను
నాకిన చాక్లెట్టులా గుండ్రబడింది.
మిగతా రెండూ ఈ అరుగుడును చూసి కోసినవే.
పాత తాళమూ దీంతోపాటే అరిగింది కనక
ఇద్దరికీ ఇన్నాళ్లు తెలియలేదు.

"వీటికి సరిపెడితే," అన్నాను,
"వాడకుండా ఉన్న నాలుగోది పట్టదు.
దాని పళ్లు కొన్న రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.
అది చెప్పేది ఈ తాళానికి వినపడదు."

"రెంటికీ?"

"మధ్యలో పల్చటి బిళ్లలు వేస్తే రెంటికీ తెరుచుకుంటుంది.
వాటితోపాటు, ఇంకా ఎవరూ కోయని చెవులు ఒకటి రెంటికి కూడా."

"లేని చెవులకా!" నవ్వింది.
మాడిన గిన్నె అడుగు గీకుతూ కూర్చుంది.
స్టీలు పీచు చప్పుడు. నేను పట్టకారు పట్టుకుని
ఏ పిన్నూ తీయకుండా.

"అరిగినవాటికే పెట్టు," అంది చివరికి, గిన్నెతోనే.
"అది వస్తే బెల్లు కొడుతుంది. చేతులున్నాయిగా."

పెట్టాను.
ఆవిడ తిప్పి చూసింది, మళ్లీ తిప్పింది, మూడోసారి.
"ఇంత తేలిగ్గానా? వేసినట్టే లేదు."
కొన్నాళ్లు పోతే అలవాటవుతుందన్నాను.
ఎవరికి అలవాటవుతుందో చెప్పలేదు.

నలభై యూరోలు, కాగితంలో చుట్టిన రెండు రొట్టెలు.
తీసేసిన ఇత్తడి నా జేబులో గలగల.

వీధిలోకొచ్చి, ఎందుకో,
గుమ్మం పక్క నాలుగో నంబరు మీట నొక్కాను.
మళ్లీ నొక్కాను. వేలు తీయకుండా.
పైన కిటికీలో ఆవిడ తువ్వాలు దులుపుతోంది,
నన్ను చూసింది గానీ బెల్లు విన్నట్టు లేదు.

"ఏం మరిచిపోయావు?"

"స్క్రూడ్రైవరు," అని అరిచాను, చేతిలో సంచీ వెనక్కి దాస్తూ,
మళ్లీ మెట్లెక్కాను.