గురువారం మూట

బ్రయీలాలో, రేవుకి దిగే వీధి మలుపులో నా లాండ్రీ.
మూడు యంత్రాలు. అందులో ఒకటి కుంటిది,
తిరిగేటప్పుడు గోడదాకా నడుస్తుంది.
గురువారం పొద్దుగూకే వేళ సోరిన్ వ్యాను ఆగుతుంది.
డాన్యూబ్ గాలి కన్నా ముందు మూట,
మూట కన్నా ముందు దాని వాసన
తలుపు తోసుకుని లోపలికొస్తాయి.

షెల్టరు దుప్పట్లు. ఇరవై రెండు.
ఇద్దరు ముగ్గురు గిరాకీలు
గురువారాలు మానేశారు.
మానేయనీ.

ఆ కుక్కల్ని నేనెప్పుడూ చూడలేదు.
మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక ఉంటాయట,
బస్సు దిగాక ఇంకా రెండు కిలోమీటర్ల బురద.
నాకు తెలిసిందల్లా దుప్పట్లే.
నాలుగు మూలలా నమిలేసిన ఆకుపచ్చది.
నడిమధ్య గుండ్రంగా అరిగిన గళ్లది.
పడుకునేముందు అక్కడెవరో
తమ చుట్టూ తాము పదిసార్లు తిరుగుతారు,
లేని గడ్డిని తొక్కి చదును చేస్తున్నట్టు.
కొత్త సంవత్సరం రాత్రి ఊరంతా టపాకాయలు పేల్చాక
ఇరవై రెండూ తడిసే వచ్చాయి.
ఆ వారం సబ్బు రెండింతలు వేశాను.
ఎవరి మీదో కోపం వచ్చింది గానీ
కుక్కల మీద కాదు.

"ఇంత చేస్తావు, ఒకదాన్ని ఇంటికి తెచ్చుకోరాదూ, దొమ్నికా?"
ఇస్త్రీ బట్టలకొచ్చిన లెక్కల పంతులమ్మ అడుగుతుంది.
పెంచుకోనిదానికి ప్రేమేమిటని
ఆవిడ లెక్క.

ఇంట్లో గ్రిగోరె ఉన్నాడు.
ముప్ఫై ఏళ్లు ఓడల తుప్పు గీకి గీకి
ఊపిరిలో సగం రేవులోనే వదిలేసి వచ్చినవాడు.
రాత్రిళ్లు అతని ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య
నేను మెలకువగా ఉంటాను.
ఒక్క వెంట్రుక చాలు.
అందుకే కొట్టు మూసేముందు గౌను విప్పి సంచిలో కుక్కి,
మోచేతులదాకా రుద్దుకుని, తల కడుక్కుని,
చలికాలమైనా సరే ఆ తడితలతోనే
మూడంతస్తులు ఎక్కుతాను.

చేతులు దులుపుకోవడం అంటే
జనం ఒక అర్థంలో అంటారు.
నేను దులుపుకుంటే
నల్లవి, గోధుమరంగువి,
ఎప్పుడో ఒక తెల్లటి పొడుగాటిది
అరచేతుల్లోంచి రాలుతాయి.
యంత్రం జల్లెడలో చిక్కిన ఉండల్ని
మార్చినెలలో కిటికీ గట్టు మీద పెడతాను.
పిచ్చుకలు బేరమాడకుండా పట్టుకుపోతాయి.

మొన్నొక గురువారం లెక్క తప్పింది.
ఇరవై ఒకటి.
మూడుసార్లు పరిచి లెక్కపెట్టాను.
కుంటి యంత్రంలో చెయ్యి పెట్టి తడిమాను,
పోయిన వారం అందులోనే మిగిలిపోయిందేమోనని.
సోరిన్‌కి ఫోన్ చేసి, దారిలో పడేశావు కదూ, అని దులిపేశాను.
అతను నవ్వుతున్నాడు.

"ఆకుపచ్చది వెళ్లిపోయింది.
ఎక్కడో కొండల వైపు, తేనెపెట్టెలు పెంచే ముసలావిడ.
కారెక్కించబోతే దుప్పటి నోట కరుచుకుని వదల్లేదు.
లాగితే చిరిగేట్టుంది, పోనీలే అని ఇచ్చేశాను.
నీకు చెప్పడం మరిచిపోయాను."

ఆ దుప్పటికి నేను మాసిక వేసి పదిరోజులైనా కాలేదు.
చేతికందిన దారం ఎర్రది, అదే వేశాను.
ఆకుపచ్చ మీద ఎర్రకుట్లు,
వంకరటింకరగా.
కొండల్లో ఎవరి గుమ్మంలోనో ఇప్పుడవి.

ఆ తర్వాతి గురువారం ఇరవై నాలుగొచ్చాయి.
చలి ముదిరింది కదా, మనుషులు
గొలుసులు విప్పి రోడ్డు మీదకి తోలేస్తున్నారట.
కొత్తవాటిలో ఒకటి పసిపిల్లల దుప్పటి,
బాతుల బొమ్మలది. ఎవరిచ్చారో.
నీళ్లు మూడుసార్లు మార్చినా
నల్లగానే దిగాయి.

ఇంటికెళ్లేసరికి గ్రిగోరె కూర్చునే ఉన్నాడు,
వీపు కింద నాలుగు దిండ్లతో.
"ఎన్ని?"
"ఇరవై నాలుగు."
కాసేపు దగ్గాడు.
"ఆకుపచ్చది తిరిగి రాలేదు కదా?"
"రాలేదు."
నా తడిజుట్టు కేసి చూసి,
తువ్వాలు ఇటు విసిరి,
దీపం ఆర్పెయ్యమన్నాడు.