పొడి వాతావరణం

రేడియోలో ఆమె గొంతు మాత్రం తడిగానే ఉంది.
రాగల ఐదు రోజులూ కోస్తాలో పొడి వాతావరణం,
పగటి వేడి మామూలుకంటే మూడు డిగ్రీలు ఎక్కువ,
పడమటి గాలి.
అంతే. ఆ వెంటనే దుగ్గిరాల పసుపు ధర చెప్పింది.

ఫైర్ స్టేషన్ డ్యూటీ పుస్తకంలో రాసుకున్నాను:
స్వాతి కార్తె, ఎనిమిదో రోజు. వాన లేదు.
నిన్నా అదే వాక్యం. మొన్నా అదే.
రేపటినుంచి ఆ గడిలో
రెండు చిన్న గీతలు గీసి ఊరుకుంటాను.

చిత్త తన చిత్తమొచ్చిన చోట కురిసిపోయింది,
ఆ చోటు గుంటూరు కాదు.
ఈపాటికి ఊళ్లో ఒక తుపాను పేరు తిరగాలి,
రేపల్లె వైపునుంచి పడవలు అడుగుతూ ఫోన్లు రావాలి.
వస్తున్నవి వేరే ఫోన్లు:
నల్లపాడు పట్టాల పక్కన గడ్డి,
ఆటోనగర్‌లో పాత టైర్ల గుట్ట,
కొండవీడు వాలులో ఎవడో బీడీ పారేసి
వెనక్కి చూడకుండా దిగొచ్చాడట.
బ్రాడీపేటనుంచి ఒక పెద్దాయన
రోజూ ఆరింటికి చేస్తాడు:
"ఏమీ లేదు బాబూ, మిరపకాయ వాసనొస్తేనూ,
కోల్డ్ స్టోరేజీ ఏమైనా..."
లేదండీ, పక్కింట్లో తాలింపయి ఉంటుంది, అంటాను.

మా తాత దూదేకుల మనిషి.
వింటి నారి మీద బద్ద కొడితే
వీధి మొత్తం తెల్లగా తుమ్మేది.
మా పొయ్యి ఇంట్లో ఉండేది కాదు,
ఎదురింటి గోడవతల ఉండేది.
ఆయన అనేవాడు:
గడ్డి అంటుకుంటే అరుస్తుంది దస్తగిరీ,
పత్తి అంటుకుంటే పడుకుంటుంది.
అది లేవకముందే దాని పక్క ఎక్కడుందో వెతకాలి.

రాత్రి పదకొండూ ఇరవై.
ప్రత్తిపాడు రోడ్డు, జిన్నింగు మిల్లు.
వెళ్లేసరికి మంట లేదు.
నలభై ట్రాక్టర్ల కొత్త పత్తి
చినగంజాం ఉప్పు కొటారులా వెన్నెల్లో పడుంది.
చుట్టూ జనం, చేతుల్లో సెల్‌ఫోన్ లైట్లు.
దించేటప్పుడు పైన కరెంటు తీగ చిటుక్కుమందట,
ఒక్క రవ్వ రాలిందట, ఆ తర్వాత ఏమీ లేదట.
గొట్టం విప్పమన్నాను.
గుమాస్తా అడ్డమొచ్చాడు:
"తడిస్తే రంగు మారుద్ది సార్,
ఆ వాసన మీ అనుమానం సార్."

అప్పుడొచ్చింది కరుణమ్మ,
గుడ్డిపత్తి ఏరే మనిషి,
జుట్టునిండా దూదిపీచు.
చెప్పులు విడిచి కుప్ప ఎక్కింది.
మోచేతిదాకా దించింది. తీసింది.
రెండడుగులు జరిగి మళ్లీ.
జ్వరమొచ్చిన బిడ్డను తడిమినట్టు
అని రాయబోయి కొట్టేశాను.
అలా లేదు.
మొగుడు పిండిడబ్బాలో దాచిన డబ్బు కోసం
దేవులాడినట్టు ఉంది, కోపంగా.
ఏడోసారి చెయ్యి చప్పున లాక్కుని
"ఈడుంది" అంది,
"ఇంకా ఎర్రబడలా. నల్లగుంది."

నాలుగింటిదాకా పంగలకర్రలతో చీల్చాం.
లోపల తాటికాయంత గుంట,
దాని అంచున ఎర్రటి నూలుపోగులు పాకుతూ,
గాలి తగిలితే చాలు కళ్లు తెరిచేట్టు.
పొగ మా గొంతుల్లోకి, నీళ్లు దాని గొంతులోకి.
గుమాస్తా తడిసిన క్వింటాళ్లు లెక్కేస్తున్నాడు.

ఆమె చేతివేళ్లు రెండు బొబ్బలెక్కాయి.
బండిలోంచి మందు తీసి రాస్తుంటే అడిగింది:
"వానెప్పుడంట?"
ఐదు రోజులు లేదన్నాను.
"అమ్మయ్య. ఐదు రోజుల కూలికి ఢోకా లేదు."
ఎడమచేత్తో ఏరొచ్చులే అనుకుంటూ
నడిచిపోయింది షెడ్డు వైపు.

స్టేషన్‌కొచ్చి పుస్తకం తెరిచాను.
వాన అన్న గడిలో రెండు గీతలు.
గాలి, పడమర.
బయట బండి బానెట్ మీద
వేలు పెట్టి లాగితే సన్నటి తడి,
మంచు.
దానికి ఈ పుస్తకంలో గడి లేదు.