ఉపయోగం అనే గడి

కాగితం మీద ఏడు గడులు గీసుకొచ్చింది హిమజ మేడం.
చెట్టు పేరు, దొరికే చోటు, ఏ భాగం,
ఉపయోగం.
ఆ గడి మిగతావాటికన్నా వెడల్పు.

మడలో ఏది దేనికి పనికొస్తుందో రాసిస్తే
మా సంఘానికి లోనొస్తుందట.
నరకడానికి లేదు, రాలింది ఏరుకోవడమే.
పాటు తీస్తోంది. కోరింగ పాయలో
మా నావ అడుగు బురదకి రాసుకుంటోంది.
"మసేనమ్మ గారూ, మొదలెడదామా?"
ఆయ్, రాసుకోండి.

తెల్లమడ.
ఆకు గేదెకి. ఉప్పాకు కదా,
తిన్న గేదె కుండెడు నీళ్ళు తాగి
చెంబెడు పాలు ఎక్కువిస్తుంది.
ఆ చెంబెడులో సగం నీళ్ళేనని
పాలు కొనే టీకొట్టు వీర్రాజు అంటాడు.
అది గడిలో పట్టదులెండి.

కాడివి.
పాకకి నిట్రాడు.
బురదలో మూడు పున్నాలు నానబెట్టి ఎండేస్తే
చెదపురుగు మూతి తిప్పుకుపోతుంది.
మా వంటపాక నాలుగు గాలివానలకి నాలుగుసార్లు లేచిపోయింది.
నిట్రాడు మాత్రం నా పెళ్ళికి ముందుది.

ఆల్చి ముళ్ళాకు.
ఆవిరి పడితే కీళ్ళనొప్పి తగ్గుతుంది.
నాకు తగ్గలేదు.
తగ్గుతుందని రాయకండి,
తగ్గుతుందంటారు అని రాయండి.

ఇలకూర.
రొయ్యపొట్టేసి వండాలి. ఉప్పెయ్యకూడదు.
రెండుసార్లు ఉడికించి నీళ్ళు వంచెయ్యాలి.
ఈ సంగతి మా కోడలికి
మొదటి ఏడాదంతా చెప్పలేదు.

గత్తరు.
ఇక్కడ కలం ఆపి నా గోళ్ళు చూడండి.
బెరడు దంచి, ఇత్తడి గుండిగలో
పొద్దుటినించి దీపాలేళ దాకా మరగబెట్టి
నూలు వలలు ముంచేవాళ్ళం.
ఆ ఎర్రనీళ్ళు తాగిన వల
ఉప్పుకి కుళ్ళేది కాదు.
నైలాను వలలొచ్చాక
ఆ గుండిగలో పెళ్ళిళ్ళకి పులిహోర కలిపారు.
రెండేళ్ళపాటు ఊళ్ళో ప్రతి పెళ్ళి పులిహోరా
కాస్త వగరే.

తిల్ల.
దీని పాలు కంట్లో పడితే చూపు పోతుంది.
మా నాన్న పదహారు రోజులు గుడ్డ కట్టుకుని
గోడ పట్టుకు నడిచాడు.
పొయ్యిలోకి పనికిరాదు, పొగకే కళ్ళు మండుతాయి.
దానికి నావ కూడా కట్టరెవరూ.
"అయితే ఉపయోగం లేదు," అని రాయబోయింది.
లేదు అని కాదమ్మా, తెలీదు అని రాయండి.
"రెండూ ఒకటే కదండీ?"
ఒకటి చెట్టు గురించి,
ఒకటి నా గురించి.

కొట్టేసి మళ్ళీ రాసింది.

ఆఖరి గడి.
ఏడాదికి ఎన్ని కిలోలు తియ్యొచ్చు?

తూకం మాకెప్పుడూ లేదు.
నావ అంచు నీటికి జానెడు పైనుండగా
ఎక్కించడం ఆపేసేవాడు నాన్న.
అడవి మీద జాలితో కాదు,
మొగ దగ్గర కెరటం కొడితే మునిగిపోతాం గనక.

"జానెడంటే ఎవరి జానెడండీ?"

కొంగొకటి బురదలో పీతని పొడిచి వదిలేసింది.
నాన్నది తెడ్డంత చెయ్యి.
నాది చూడండి, ఇంతే.
నా జానతో కొలిస్తే
ఇంకో రెండు మోపులు పడతాయి.
మా మనవరాలి జానతో కొలిస్తే
ఇంకో నాలుగు.

ఏం రాయాలో ఆవిడకీ తోచలేదు, నాకూ తోచలేదు.
నీళ్ళు తగ్గుతున్నాయి, తెడ్డు వదిలి గెడ పట్టుకున్నాను.

రేవులో దిగేటప్పుడు
ఆఫీసులో చూపిస్తానని
గత్తరు బెరడు ముక్కొకటి, తడిది,
చున్నీ చివర మూటకట్టుకుంది.
తెల్ల చున్నీ.
ఆటో ఎక్కబోతూ చూసుకుని గబగబా వెనక్కొచ్చింది.
"ఈ మరక పోతుందా అండీ?"

పోదనే కదమ్మా
వలలకి వేసేవాళ్ళం.