శని నుంచి శరీరానికి

కనిగిరిలో మా ప్రెస్సుకి ఒకటే ట్రెడిలు మిషను.
పొద్దున అవధాని గారి గంటల పంచాంగం,
దీపాలు పెట్టాక మాలకొండయ్య మాస్టారి వికట పంచాంగం.
అదే సీసం, అదే సిరా.
'శ' టైపులు తక్కువ గనక
శని అక్కడ పని ముగించుకుంటే గానీ
ఇక్కడికి వచ్చేవాడు కాదు.

నేను కంపోజిటర్ దస్తగిరిని.
తిథులు పేర్చిందీ నేనే, వెక్కిరింత పేర్చిందీ నేనే.

"స్వస్తిశ్రీ అప్పు నామ సంవత్సరం.
రాజు వడ్డీ, మంత్రి వాయిదా.
సేనాధిపతి దోమ, సస్యాధిపతి సర్కారు తుమ్మ.
మేఘాధిపతి సెలవులో ఉన్నాడు.
బల్లి నెత్తిన పడిన: బల్లికి ప్రాణభయం.
పన్నెండు రాశులకూ కందాయ ఫలం సున్న,
కందాయం మాత్రం కట్టవలెను."

అవధాని గారూ చదివేవారు, పొడుం పట్టుకీ పట్టుకీ మధ్య.
"గ్రహణం టైము నా లెక్కలోంచే ఎత్తాడ్రా,
నిమిషం తేడా లేదు!" అని మురిసిపోయేవారు.
నిజమే. మార్కాపురం పలక మీద
మూడు రాత్రులు మేలుకొని వేసిన లెక్క.
ఊరగాయ జాడీ మీద దర్భ వెయ్యమన్న వాక్యమూ
ఆ లెక్క కిందే ఉండేది.

మాస్టారి సంగతీ చెప్పాలి గదా.
రాహుకాలం కరుస్తుందా అని రాసిన మనిషి
ఆదివారం ఫారం మిషనెక్కబోతుంటే
గోడ గడియారం చూసి,
"ఆరు దాటనీ దస్తగిరీ,
మా ఇంటామె ఊరుకోదు" అన్నాడు.

ఆ యేడు ఒక పేజీ మాత్రం నవ్వు లేకుండా ఇచ్చాడు.
"వాగవతల పల్లెలో పిల్లకాయల పళ్ళకి గారచారలు,
పెద్దోళ్ళకి వంకర మోకాళ్ళు. ఏలినాటి శని అంటన్నారు.
శని ఏడున్నరేళ్ళకి దిగిపోతాడు, ఇది దిగదు.
బావినీళ్ళు సీసాకి పట్టి ఒంగోలు పంపి పరీక్ష చేయించాను.
పరిహారం: నువ్వులు కాదు, వేరే నీళ్ళు."

బస్టాండులో చదువుకొని
తొడలు చరుచుకుంటా నవ్వారు.

అవధాని గారు నవ్వలేదు.
మరుసటేడు ఆయన చేతిరాతలో, రాశిఫలాల అడుగున,
ఒక పంక్తి కొత్తగా వచ్చింది:
"ఏ రాశివారైనను ఆ బావి నీరు త్రాగరాదు.
శరీరమునకు కీడు."
ఏ గ్రంథంలో ఉంది స్వామీ అని నేనడగలేదు.
గూట్లో 'శ' లేదు.
పై వరస శనిలోంచి ఊడదీసి
శరీరంలో పెట్టాను.

ఉగాది వెళ్ళిన వారానికి ఆడోళ్ళు బిందెలెత్తుకొని
రెండు మైళ్ళ చెరువుకి నడిచారు.
మాస్టారు ఆ వరస చూస్తా నిలబడి
చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నాది వాగవతల పల్లే.
ప్రూఫు చూస్తా నేను నవ్వితే
ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను.